నవ్వు ఎవరి మీద పడుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టు

ఎడిసన్, న్యూజెర్సీ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

మొన్న నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. "నాలుగు ముక్కలు ఫోన్లోనే చెప్పేయొచ్చుగా, మళ్లీ ఉత్తరం ఎందుకు" అంది మీ అత్తయ్య. ఫోన్లో నేను సగం చెప్పేసరికి నీకు స్కూల్ బెల్ కొడుతుంది. పైగా ఇది స్క్రిప్టు పక్కన పెట్టుకుని చూసుకోవాల్సిన వ్యవహారం. అందుకే రాస్తున్నాను.

నీ పరిస్థితి నాకు అర్థమైంది ఇదీ. మీ హైస్కూల్ వాళ్లు ఈ వసంతంలో 'ఎనీథింగ్ గోస్' వేస్తున్నారు, ఓడ మీద జరిగే పాత అమెరికన్ మ్యూజికల్, అంటే పాటలూ డాన్సులతో నడిచే నాటకం. కూచిపూడి వచ్చు కదా అని డాన్సులు కట్టే పని నీకిచ్చారు, దాంతోపాటు సహాయ దర్శకత్వమూ నెత్తిన పెట్టారు. ఒక చైనీస్ కుర్రాడి తల్లి వచ్చి, ఇందులో ఆ ఇద్దరు చైనా వాళ్ల వేషాలు ఎందుకు, వాటిని ఎవరితో వేయిస్తారు అని మెల్లగా అడిగింది. పెద్ద దర్శకుడేమో అది తొంభై ఏళ్ల క్లాసిక్, దాన్ని ముట్టుకోకూడదు అన్నాడు. నువ్వు మింగలేక కక్కలేక ఉన్నావు. కొత్త ఉద్యోగం, పైగా ఆ గదిలో తెల్లవాళ్లు కానిదానివి నువ్వొక్కదానివే. టెన్షన్ పడటంలో తప్పు లేదు.

ముందు నా బండారం నేనే బయటపెట్టుకోవాలి, లేకపోతే ఈ సలహాలకి విలువ ఉండదు.

1997లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఔత్సాహిక నాటక బృందం 'ఓక్లహోమా' అనే మ్యూజికల్ వేసింది. అందులో అలీ హకీం అనే పర్షియన్ వ్యాపారి ఉంటాడు. ఊరూరా తిరుగుతూ జడకుచ్చులూ సెంటుసీసాల్లాంటివి అమ్ముకునేవాడు. బృందం మొత్తం మీద కాస్త నల్లగా ఉన్నది నేనే, కాబట్టి వేషం నాకే వచ్చింది. ఆడిషన్ కూడా సరిగ్గా చేయలేదు. నేను ఎగిరి గంతేశాను. తెనాలిలో పద్యనాటకాలకి హార్మోనియం పెట్టె మోసిన వాడికి అమెరికాలో స్టేజీ ఎక్కే అవకాశం మరి! రిహార్సల్స్‌లో దర్శకుడు రోజూ ఒకటే మాట, "ఇంకొంచెం యాస, ఇంకొంచెం." పర్షియన్ వాళ్లు ఇంగ్లీషు ఎలా మాట్లాడతారో నాకేం తెలుసు? తెలిసిన యాస ఒక్కటే. మా నాన్నగారిది. ఆయన బ్యాంకుకి వెళ్లి మేనేజరుతో మాట్లాడే ఇంగ్లీషు, ఆ 'వ', ఆ 'ర', వాక్యం చివర తల ఊపడం. అదే తెచ్చి పెట్టాను. హాలు గొల్లుమంది. మూడు రోజులూ నేను నోరు తెరిస్తే చాలు నవ్వే.

మీ వదిన అప్పుడు అయిదో తరగతి. రెండో రోజు మొదటి వరసలో కూర్చుంది, తన క్లాసు పిల్లలు కూడా కొందరు వచ్చారు. సోమవారం స్కూలు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకుండానే, "నాన్నా, మీ నాన్నలా మాట్లాడి చూపించు అని వాళ్లు నన్ను అడుగుతున్నారు" అంది. నేను నవ్వేసి, అది వేషమమ్మా, పర్షియన్ వ్యాపారి అన్నాను. "కాదు, అది తాతయ్య" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏడేళ్లు, హైస్కూల్ పూర్తయ్యేదాకా, నేను తన స్నేహితుల ముందు నోరు తెరిస్తే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేది.

ఆ వేషాన్ని 1943లో బ్రాడ్వేలో మొదట వేసినవాడు జోసెఫ్ బులాఫ్. యూదుల యిడ్డిష్ రంగస్థలం నుంచి వచ్చిన పేరుమోసిన నటుడు. అంటే పర్షియన్ పాత్ర, దానికి యిడ్డిష్ హాస్యం, యాభై ఏళ్ల తర్వాత నా చేతిలో తెనాలి ఇంగ్లీషు. ఇందులో పర్షియన్ వాడు ఎక్కడున్నాడు? మొదటి నుంచీ లేడు. 'ఎక్కడి నుంచో వచ్చినవాడు' అనే ఖాళీ చొక్కా ఒకటి ఉంది, ఎవరు దొరికితే వాళ్లు తొడుక్కున్నారు.

ఆ రోజుల్లో ఇలాంటి వేషాలు అన్ని ఎందుకుండేవో అర్థం కావాలంటే మన పగటివేషగాళ్లని గుర్తు తెచ్చుకో. ఊళ్లోకి వచ్చి, ఒకరోజు సోమయాజి, ఒకరోజు కోమటి, ఒకరోజు ఇంకెవరో. నడక, కట్టు, మాట చూడగానే ఫలానా అని తెలిసిపోవాలి, నవ్వు రావాలి, సంభావన పడాలి. అమెరికాలో వాడెవిల్ అని ఉండేది. పాట, ఆట, గారడీ, హాస్యం అన్నీ కలిపి టికెట్టు పెట్టి ఆడేవాళ్లు. ఐరిష్ వాడు తాగుబోతు, జర్మన్ వాడు మందమతి, యూదుడు పిసినారి, నల్లవాడి వేషానికి ముఖానికి మసి. ఇలా తయారుగా ఉన్న మూసలతో పుట్టిన హాస్యం మ్యూజికల్స్‌లోకి సరాసరి నడిచి వచ్చింది. రాసినవాళ్లు పనిగట్టుకుని ద్వేషంతో రాశారని కాదు. పది నిమిషాల్లో నవ్వు పుట్టాలి, మూస దగ్గర్లో ఉంది, వాడుకున్నారు. 'ఎనీథింగ్ గోస్' వచ్చిన 1934లో చైనీయులు ఈ దేశానికి వలస రాకుండా 1882లో చేసిన చట్టం ఇంకా అమల్లోనే ఉంది. 1943 దాకా ఎత్తేయలేదు. మనవాళ్ల సంగతీ అంతే, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరసత్వం ఇవ్వం అని ఇక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. హాల్లో కూర్చుని "అది మేం కాదు" అని లేచి చెప్పేవాడు లేనప్పుడు జోకు చాలా సులువుగా పేలుతుంది. ఇప్పుడు మీ హాల్లో ఆ తల్లి కూర్చుంటుంది. తేడా అదే.

ఇక పని దగ్గరికి వద్దాం.

మొదటి రీడింగ్ రోజున పెన్సిల్ పట్టుకుని ఒక మూల కూర్చో. పిల్లలు వాళ్లకి తోచినట్టు చదువుతారు, యాసలు పెడతారు, వెర్రి వేషాలు వేస్తారు. వెయ్యనీ. నవ్వు వచ్చిన ప్రతిచోటా మార్జిన్లో ఒక చుక్క పెట్టు. వారం తర్వాత అదే సీను మళ్లీ చదివించు, ఈసారి ఒక్కరూ యాస పెట్టకూడదు, వంకర మొహాలు పెట్టకూడదు, వాళ్ల సొంత గొంతుతో మామూలుగా చదవాలి. మళ్లీ నవ్వొచ్చిన చోట రెండో చుక్క. రెండు చుక్కలూ పడితే ఆ జోకు రచయితది. ఒకటే పడితే అది యాసది, అంటే కిందపడిపోయినా నష్టం లేనిది.

అలీ హకీం విషయంలో నేనిది చేసి చూశాను, ఇంకో బృందంలో, నాలుగేళ్ల తర్వాత. అప్పుడూ వేషం నాకే వచ్చింది, నా రంగు మారలేదు కదా. ఈసారి నా మామూలు గొంతుతోనే చెప్పాను. ఆశ్చర్యం ఏమిటంటే చాలా నవ్వులు అలాగే నిలబడ్డాయి. ఎందుకంటే ఆ పాత్ర కష్టం నిజంగానే నవ్వొచ్చేది. పెళ్లి మాట ఎత్తకుండా సరసం ఆడదామనుకున్నాడు, పిల్ల తండ్రి తుపాకీ పట్టుకొచ్చి పెళ్లి చేసుకోమంటాడు. ఇది ఏ దేశపు వాడికైనా ఇబ్బందే. యాస తీసేస్తే మనిషి కనపడ్డాడు. కొన్ని జోకులు మాత్రం చచ్చిపోయాయి. వాటి గురించి ఎవరూ ఏడవలేదు.

నీ నాటకంలో ఆ ఇద్దరి సంగతి ఇంకొంచెం కష్టం. 1934లో వాళ్ల పేర్లు చింగ్, లింగ్. 1987లో న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ థియేటర్ వాళ్లు మళ్లీ ఆడించినప్పుడు ల్యూక్, జాన్ అయ్యారు. పేరు మారింది గానీ ఉద్యోగం మారలేదు. బిషప్ వెంట వచ్చిన, కొత్తగా మతం మారిన చైనీయులు, జూదగాళ్లు. చివర్లో హీరో, అతని దొంగ స్నేహితుడు ఆ ఇద్దరి బట్టలే వేసుకుని, చైనా వాళ్లలా నటించి పెళ్లి చెడగొడతారు. అంటే ఇక్కడ మచ్చ యాసలో మాత్రమే లేదు, కథ ఎముకలోనే ఉంది. బట్టల మార్పిడి తీసేస్తే పెళ్లి ఆగదు, పెళ్లి ఆగకపోతే నాటకం ముగియదు.

దర్శకుడు నీతో "ఇందులో ఇంగ్లీషు దొరని కూడా వెటకారం చేశారు కదా, అందర్నీ సమానంగానే చేశారు" అనొచ్చు. నాతోనూ అన్నారు. జవాబు సిద్ధంగా పెట్టుకో. ఆ దొర సర్ ఎవెలిన్ అమెరికన్ మాటలు తప్పుగా పలుకుతాడు, నిజమే. కానీ ఆయనకి పేరుంది, మనసుంది, 1987 ప్రతిలో సొంతంగా ఒక పాట ఉంది, చివరికి పెళ్లి కూడా అవుతుంది. ల్యూక్, జాన్‌లకి ఇద్దరికీ కలిపి ఒకే జోకు ఉంది. వెటకారం సమానంగా పంచారు సరే, మిగతావి పంచలేదు.

అన్నట్టు ఆ దొర పాటని కూడా ఒకసారి చూడు. తనలో జిప్సీ రక్తం ఉందనీ, అందుకే ఆవేశం పొంగుతోందనీ పాడతాడు. ఎవరూ దాన్ని అడగరు, ఎందుకంటే మీ ఊళ్లో రోమా కుటుంబాలు ఫిర్యాదు చేసేటంత మంది లేరు. 'జిప్సీ' అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, చాలామందికి అది తిట్టు. వాళ్ల పూర్వీకులు మన దేశం నుంచే వెళ్లారని భాషని బట్టి తేల్చారు కూడా. పాట తీసేయమని నేను అనను, అంతా చైనా వేషాల మీదే కళ్లు పెట్టుకుని ఇది చూడకుండా పోకండి అంటున్నాను. అడిగేవాడు హాల్లో లేని చోటే నాటకం ఎలా ప్రవర్తిస్తుందో తెలుస్తుంది.

మార్చాలని తేలాక ఏం చేయాలి? రాత్రికి రాత్రి పెన్సిల్‌తో డైలాగులు కొట్టేయడం మాత్రం చేయొద్దు. హక్కులు కొన్నప్పుడు స్కూలు సంతకం పెట్టిన కాగితంలో రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఒక్క మాటా మార్చకూడదు అని ఉంటుంది. చాలా స్కూళ్లు "ఎవరు చూస్తార్లే" అని మార్చేస్తాయి, అది తప్పు. అనవసరం కూడా, ఎందుకంటే అడిగితే ఇచ్చే అవకాశం ఉంది. 'ఎనీథింగ్ గోస్'కి 2022లో సవరించిన ప్రతి కూడా వచ్చింది. మీ వాళ్లు ఏ ప్రతికి డబ్బు కట్టారో మొదట కనుక్కో. పాతదైతే, మార్చి ఇవ్వమని హక్కుల కంపెనీకి ఒక మెయిల్ చాలు. దర్శకుడితో వాదించే బదులు ఈ మెయిల్ రాయించు. నీ అభిప్రాయం అని చెబితే ఆయన నీతో పోట్లాడతాడు, హక్కులున్నవాళ్లే సవరించిన ప్రతి ఇచ్చారు అని చూపిస్తే ఏం చేస్తాడు?

"క్లాసిక్‌ని ముట్టుకోకూడదు" అనేవాళ్లకి చరిత్ర తెలియదు. ముట్టుకోని క్లాసిక్ ఏది? 1927లో వచ్చిన 'షో బోట్' అనే మ్యూజికల్ మొదటి కోరస్‌లో నల్లవాళ్లని పిలిచే ఆ పాడుమాట ఉండేది. 1936 సినిమాలో ఇంకో మాట అయింది, 1946లో మళ్లీ ఆడినప్పుడు ఇంకోటి అయింది. నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ ఆ నాటకంలోని నది పాటని తన కచేరీల్లో తనే మార్చి పాడాడు, దిగులు పాటని పోరాటం పాటగా. అయినా 1993లో టొరంటోలో ఆ నాటకం పెద్దఎత్తున వేయబోతే నల్లవాళ్లు వీధిలోకొచ్చి నిరసన తెలిపారు. మాటలు మార్చినంత మాత్రాన అంతా అయిపోదని దీనర్థం. లండన్‌లో 1885లో పుట్టిన, జపాన్‌లో జరిగినట్టు రాసిన హాస్య సంగీత నాటకం 'మికాడో'లోనూ అదే పాడుమాట రెండుచోట్ల ఉండేది. 1948లో హక్కులున్న కంపెనీ వాళ్లే వేరే రచయితని పిలిచి మార్పించారు.

ఆ 'మికాడో' కథ నీకు ఇంకొకందుకు పనికొస్తుంది. 1907లో జపాన్ రాజకుమారుడు ఒకాయన ఇంగ్లండ్ వస్తున్నాడని, ఆయన నొచ్చుకుంటాడేమోనని ప్రభుత్వం కొన్నాళ్లు ఆ నాటకాన్ని ఆపేసింది. ఆ సమయంలోనే షెఫీల్డ్‌లో నాటకం చూసిన జపాన్ విలేఖరి ఒకాయన, అవమానం ఏదీ కనపడలేదు, సరదాగా ఉంది అని రాశాడు. అప్పట్లో అది ఇంగ్లీషు వాళ్లని ఇంగ్లీషు వాళ్లే వెక్కిరించుకున్న నాటకం, జపాన్ అనేది పరదా మాత్రమే. మరి 2015లో న్యూయార్క్‌లోని గిల్బర్ట్ అండ్ సలివాన్ ప్లేయర్స్ అనే బృందం దాన్ని ఎందుకు రద్దు చేసుకోవాల్సి వచ్చింది? వందేళ్లలో దాని మీద పేరుకున్న మకిలి వల్ల. కళ్లు సాగదీసినట్టు గీసే మేకప్, చిట్టి చిట్టి అడుగులు, టపటపా కొట్టే విసనకర్రలు, తెల్ల నటులంతా కిమోనోలు. తర్వాతి సంవత్సరం వాళ్లే ఆసియా సంతతి కళాకారుల సలహా తీసుకుని కొత్తగా వేశారు. రాతలో ఎంత ఉంది, ఆటలో ఎంత పేరుకుంది అని విడదీసి చూడాలి అంటున్నది ఇందుకే.

ఇది నీకు తెలియంది కాదు, మన 'చింతామణి' ఉందిగా. కాళ్ళకూరి నారాయణరావు గారు వేశ్యా వ్యసనం వల్ల కొంపలు ఎలా మునుగుతాయో చెప్పడానికి రాశారు. అందులో సుబ్బిశెట్టి ఉన్నదంతా పోగొట్టుకునే మనిషి. జనం నవ్వుతున్నారు కదా అని కాంట్రాక్టర్లు ఆ సీనుని సాగదీశారు, అరగంటది గంటయింది, గంటది రెండయింది, రచయిత కలలో కూడా రాయని బూతులు చేరాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది, వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. నిషేధం నాకు నచ్చలేదు. కానీ వైశ్యులు ఊరికే గొడవ చేశారు అనేవాళ్లంటే కూడా నాకు చిరాకు.

ఎందుకో చెబుతాను. నాకు పదహారేళ్లప్పుడు తెనాలిలో తిరునాళ్లకి ఆ నాటకం వేశారు. నా పక్కన మా క్లాసువాడు కూర్చున్నాడు, వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. శెట్టి స్టేజీ మీదకి రాగానే వెనక నుంచి ఎవడో మావాడి పేరు పెట్టి "ఒరేయ్, మీ నాన్న వచ్చాడు" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. చేతిలో మరమరాల పొట్లం ఉంది, సీను అయ్యేదాకా ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. మర్నాడు ఇంకో నాటకం ఉంది, పిలిస్తే పని ఉందన్నాడు. ఇరవై అయిదేళ్ల తర్వాత మీ వదిన బ్యాగుతో గుమ్మంలో నిలబడినప్పుడు నాకు ఆ పొట్లం గుర్తొచ్చింది.

కాబట్టి అమ్ములూ, మీ స్కూల్లో ఆ చైనీస్ కుర్రాడు రిహార్సల్‌లో నవ్వుతున్నాడు కదా, వాడికేం ఇబ్బంది లేదు అని ఎవరైనా అంటే నమ్మకు. వాడు నవ్వుతాడు, నవ్వక ఏం చేస్తాడు. అలాగని అందరి ముందు "నీకేమైనా బాధగా ఉందా" అని అడగొద్దు, అది ఇంకా పెద్ద శిక్ష. ఒక జాతి మొత్తానికి పదహారేళ్ల పిల్లాణ్ణి వకీలుగా నిలబెట్టకూడదు. మాట్లాడాల్సింది వాళ్లమ్మతో, అదీ ఆడిషన్లకి ముందు. ఏ ప్రతి వేస్తున్నారు, ఆ సీనుని ఏం చేయబోతున్నారు అన్నది ఆడిషన్ నోటీసులోనే రాయించు. ఆ రెండు వేషాలూ స్కూల్లో ఉన్న ఇద్దరు చైనా పిల్లలకే కట్టబెట్టేయడం, "వాళ్లే వేశారు, మాకేం సంబంధం" అనడం నేను చూశాను. వాళ్లు హీరో వేషానికి కూడా పనికొస్తారేమో పాడించి చూడండి ముందు.

ఇప్పుడు నీ సొంత శాఖ, డాన్సులు. ఇక్కడ నువ్వు ఎవర్నీ అడగక్కర్లేదు, చాలావరకు నీ చేతిలోనే ఉంది. చూపుడువేళ్లు పైకెత్తి తలాడించడం, చేతులు కట్టుకుని వంగి వంగి దండాలు, ముడుచుకుపోయిన చిన్న అడుగులు, ఇవి చైనా నాట్యాన్ని చూసి నేర్చుకున్నవి కావు, ఇక్కడి స్టేజీ వేషాలూ సినిమాలూ అలవాటు చేసిన మూసలు. వాయిద్యాల్లోనూ ఉంటాయి జాగ్రత్త. చైనా పాత్ర రాగానే ఒక గంట మోత, 'టింగ టింగ టింగ టింగ' అని ఒక ముక్క. రెడ్ ఇండియన్ అనగానే 'ధన్ తకతక ధన్ తకతక' అని డప్పు. ఆ మోత వినగానే జనం నవ్వడానికి సిద్ధమైపోతారు, పాత్ర ఇంకా నోరే విప్పదు. స్కోరులో లేకుండా బ్యాండు వాళ్లు సొంతంగా చేర్చినవి ఉంటే తీసేయమను, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకొకటి తప్పకుండా జరుగుతుంది, రాసి పెట్టుకో. నీకు కూచిపూడి వచ్చని తెలుసు కాబట్టి ఎవరో ఒకరు ప్రేమగా అడుగుతారు, ఆ మారువేషాల సీన్లో కాస్త తూర్పు దేశాల చేతులు పెట్టమని. పెట్టకు. పతాకం, కటకాముఖం లాంటి ముద్రలు నేర్చుకోవడానికి మీ గురువుగారి దగ్గర నువ్వు తిన్న చీవాట్లు నాకు తెలుసు. వాటిని తెచ్చి చైనా బట్టల మీద అతికిస్తే అటు వాళ్లకీ ఇటు మనకీ అవమానమే. నేను నాన్న ఇంగ్లీషుని అలాగే అతికించాను.

అలాగని అన్నీ కడిగేసి తెల్లగా చేయొద్దు. ఇది కూడా రోగమే. 'ఓక్లహోమా' కథ 1906లో ఇండియన్ టెరిటరీలో జరుగుతుంది, అంటే ఆదివాసుల నేల మీద. దానికి మూలమైన నాటకం రాసిన లిన్ రిగ్స్ చెరోకీ జాతివాడు, అక్కడే పుట్టినవాడు. మ్యూజికల్‌లో ఒక్క ఆదివాసీ పాత్ర లేదు. వెక్కిరింపు లేదు, మనిషీ లేడు. ఆ ఇద్దరు చైనీయుల్ని కొట్టేస్తే మీ ఓడ కూడా అలాగే అవుతుంది. కుదిరితే వాళ్లని ఉంచి, వాళ్లకి తెలివి ఇవ్వమని దర్శకుడికి చెప్పు. ఓడలో మూడో తరగతి ప్రయాణికులందర్నీ జూదంలో ఊడ్చేసేవాళ్లు వాళ్లే కదా, మరి సీనులో గెలుపు వాళ్లదిగా ఆడొచ్చు. మారువేషం సీన్లో హీరోలు చైనా వాళ్లని అనుకరించడం కాదు, ఇద్దరు మోసగాళ్లు అనుకరించడం చేతకాక తంటాలు పడటం నవ్వు కావాలి. ల్యూక్, జాన్ పక్కన నిలబడి "వీళ్లెవరు బాబోయ్" అన్నట్టు ఒక్క చూపు చూస్తే నవ్వు ఇటు నుంచి అటు తిరుగుతుంది. మాట మార్చలేదు, చూపు మార్చాం. ఇది కూడా కత్తి మీద సామే, మేకప్ అంటూ పెడితే మాత్రం ఏ చూపూ కాపాడలేదు. కళ్లకి పెన్సిల్ వద్దు, జడ విగ్గులు వద్దు.

పెద్దవాళ్లు పెద్ద ఎత్తున చేసినా అన్నీ కుదరలేదులే, నీకు ధైర్యానికి చెబుతున్నాను. 1946 నాటి 'ఆనీ గెట్ యువర్ గన్'లో హీరోయిన్ని ఇండియన్ తెగలోకి చేర్చుకునే పాట ఒకటి ఉండేది, 1999లో పీటర్ స్టోన్ కథని తిరగరాసి దాన్ని తీసేశాడు. నా మటుకు నాకు అది మంచి పని. ఆ నాటకంలో హాస్యానికి వాడిన సిట్టింగ్ బుల్ నిజం మనిషి, లకోటా అనే ఆదివాసీ తెగ నాయకుడు, 1890లో పోలీసులు కాల్చి చంపారు. చైనీస్ అమెరికన్ల కథ అయిన 1958 నాటి 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్'ని 2002లో చైనీస్ అమెరికన్ రచయిత డేవిడ్ హెన్రీ హ్వాంగ్ పాటలు ఉంచి కథంతా కొత్తగా రాశాడు. పాతది 600 ఆటలు ఆడింది, కొత్తది 169. ఆట తక్కువైనంత మాత్రాన ప్రయత్నం తప్పని నేను అనుకోను, కానీ సరిచేస్తే జనం చప్పట్లు కొడతారని ఎదురుచూడకు. రెడ్ ఇండియన్ పాత్రలున్న 'పీటర్ పాన్' మ్యూజికల్‌ని అయితే 2024 టూర్‌కి, లారిస్సా ఫాస్ట్‌హార్స్ అనే లకోటా రచయిత్రి చేతికే ఇచ్చారు. అడగాల్సినవాళ్లని అడగడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

ఇవన్నీ చేసినా మీ దర్శకుడు ఒప్పుకోకపోతే? మేకప్, యాస రెండూ ఉండాల్సిందే అంటే? అప్పుడు డాన్సులు కట్టనని చెప్పేయ్. కోపంగా కాదు, రాతపూర్వకంగా, ముందుగా, కారణంతో. ఆఖరి వారంలో తప్పుకుంటే పిల్లలు దెబ్బతింటారు. కానీ అంతదాకా రాదనుకుంటాను. ఆయన చెడ్డవాడేం కాదు, ఇరవై ఏళ్ల క్రితం తను చూసి మురిసిపోయిన నాటకాన్నే మళ్లీ చూసుకోవాలనుకుంటున్నాడు. 'చింతామణి' అంటే నాకూ అంతే కదా. ఆ పద్యాలు ఇప్పటికీ స్నానం చేస్తూ పాడుకుంటాను.

ప్రోగ్రాం పుస్తకంలో నాలుగు లైన్లు రాయమంటారు చూడు, అందులో క్షమాపణలు, ఉపన్యాసాలు పెట్టొద్దు. ఏ ప్రతి, ఏ సంవత్సరపు సవరణ, స్టేజీ మీద మీరేం మార్చారు, అంతే.

మీ అత్తయ్య గోంగూర పచ్చడి సీసా ఒకటి కొరియర్లో పంపుతోంది, మూత గట్టిగా బిగించింది, తీసేటప్పుడు జాగ్రత్త. ఈ ఉత్తరం సంగతి విని మీ వదిన కూడా నీతో మాట్లాడతానంది. ఆ సోమవారం గురించి తన వైపు నుంచి చెబుతుందట, నాకు ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు.

మొదటి రీడింగ్ ఎప్పుడో చెప్పు. అది అయ్యాక స్క్రిప్టు పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య